ఒరియా మీడియం బడిలో ఇంగ్లీషు సపోర్టు క్లాసు: ఎక్కడ మొదలుపెట్టాలి?

వంశధార_టీచర్
మాది ఒడిశాలో కాశీనగర్ దగ్గర చిన్న ట్రస్టు బడి, ఒరియా మీడియం, 8వ క్లాసు దాకా ఉంది. ఈ ఏడాది ఇంగ్లీషులో వెనకబడ్డ పిల్లలకి విడిగా సపోర్టు క్లాసు నడపాలని కమిటీలో అనుకుని ఆ పని నాకు అప్పజెప్పారు. 4 నుంచి 8 వరకు పిల్లలు, రోజూ భోజనాల తర్వాత ఒక పీరియడ్, నేనూ ఇంకో టీచరూ, అంతే మనుషులం.

పిల్లల సంగతి చెప్తాను. సగానికి పైగా ఇళ్లలో తెలుగే, కానీ తెలుగు చదవడం రాదు, బళ్లో నేర్చుకున్నది ఒరియా. కొండ ఊళ్ల నుంచి వచ్చే సవర పిల్లలకి ఇంట్లో సవర, సంతలో తెలుగు, బళ్లో ఒరియా. మధ్యలో హిందీ ఉండనే ఉంది. వీటన్నిటి మీద ఇంగ్లీషు. 7వ క్లాసు పిల్ల పద్యం మొత్తం గడగడా అప్పజెప్తుంది, అదే పద్యంలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేంటమ్మా అంటే నోరు మెదపదు. నోట్సు చూస్తే తప్పు ఒక్కటి ఉండదు, ఎందుకంటే బోర్డు మీదున్నది ఉన్నట్టు దించేస్తారు.

పోయినేడు ఒక కంపెనీ వాళ్ల స్పోకెన్ ఇంగ్లీషు కిట్టు తెచ్చారు. పిల్లలు తమ పేరు, ఊరు, ఇష్టమైన రంగు చెప్పే వాక్యాలు బట్టీ పట్టారు, అక్కడితో అయిపోయింది. ఇప్పుడు తల్లిదండ్రులేమో 6వ క్లాసుకి ఆదర్శ విద్యాలయలో (ప్రభుత్వ ఇంగ్లీషు మీడియం బడి) సీటు రావాలి అంటున్నారు, హెచ్చెం గారేమో వార్షికోత్సవానికి ఇంగ్లీషు నాటకం కావాలంటున్నారు. క్లాసులో తెలుగు, ఒరియా మాట్లాడితే ఫైన్ వేయాలని కమిటీలో ఒకాయన పట్టు. నాకు ఫైన్ ఇష్టం లేదు. ఎవరైనా ఇలాంటిది నడిపి ఉంటే ఎలా గ్రూపులు చేశారు, మొదటి నెల ఏం చెప్పారు, వివరంగా రాయండి.

జైపూర్_లెక్కలు
ముందు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చదివించి చూడండి. మార్కుల లిస్టు పట్టుకుని గ్రూపులు చేయకండి, బట్టీ పట్టిన వాడికి కూడా మార్కులొస్తాయి.

బోర్డింగ్_బాబు
ఫైన్ అవసరం లేదు కానీ క్లాసులో ఇంగ్లీషు తప్ప ఇంకోటి వినపడకూడదు అన్నది మాత్రం సరైన మాట. నేను బరంపురంలో హాస్టల్లో ఉండి చదివాను, అక్కడ వేరే దారి లేదు కాబట్టే వచ్చింది. నీళ్లు కావాలన్నా ఇంగ్లీషులో అడగాల్సిందే. తెలుగులో చెప్పించుకోవచ్చని తెలిస్తే ఏ పిల్లాడైనా అదే చేస్తాడు. మా తమ్ముడు ఇంటి దగ్గరే చదివాడు, ఇప్పటికీ ఇంటర్వ్యూ అంటే టెన్షన్.

ఇద్దరు_పిల్లల_తల్లి
ఇంగ్లీషు తప్ప వినపడకూడదు అంటే జరిగేది నేను చూశాను. మా పెద్దాడిని ఒకటో క్లాసులో ఒక ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడిలో వేశాం. తెలుగు మాట్లాడితే మెళ్లో అట్ట వేలాడదీసేవాళ్లు. వాడు ఇంగ్లీషు మాట్లాడలేదు, అసలు మాట్లాడటమే మానేశాడు. బాత్‌రూమ్‌కి వెళ్లాలని అడగలేక క్లాసులోనే తడుపుకునేవాడు. బడి మార్చాం. కొత్త టీచరమ్మ మొదటి రోజు వాడితో తెలుగులోనే మాట్లాడింది, ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆపకుండా కబుర్లు చెప్పాడు. ఆ టీచరమ్మ దగ్గరే ఇంగ్లీషు చదవడం నేర్చుకున్నాడు.

మూడో_బెంచీ
@ఇద్దరు_పిల్లల_తల్లి అట్ట వేలాడదీయడం మా రోజుల్లోనే అనుకున్నాను, ఇంకా ఉందా?

ఇద్దరు_పిల్లల_తల్లి
ఉంది. అడిగితే క్రమశిక్షణ అంటారు.

మహేంద్రతనయ
పర్లాకిమిడిలో ఇలాంటి క్లాసు చాలా ఏళ్లుగా నడుపుతున్నాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

గ్రూపుల గురించి. అసర్ సర్వే వాళ్ల ఇంగ్లీషు పరీక్ష కాగితం ఒకటి ఉంటుంది, ప్రథమ్ సంస్థ వాళ్లది, 2005 నుంచి ఊళ్లలో పిల్లలకి చదవడం ఎంత వచ్చో చూస్తున్నారు కదా, అదే. ఒకే పేజీలో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, చిన్న మాటలు, తేలిక వాక్యాలు. పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని ఎక్కడిదాకా చదవగలదో చూడటమే. మాటో వాక్యమో చదివితే దాని అర్థం అడుగుతారు, ఆ అర్థం పిల్ల తన భాషలో చెప్పొచ్చు. అది గమనించండి, ఇంగ్లీషు చదివించే పరీక్షలోనే సొంత భాషకి చోటిచ్చారు. ఒక్కో పిల్లకి కొద్ది నిమిషాలు చాలు. ఒక మూల వరండాలో కూర్చుని చేయండి, మిగతా పిల్లల ముందు వద్దు.

తర్వాత క్లాసుని బట్టి కాకుండా ఎక్కడ ఆగారో దాన్ని బట్టి గ్రూపులు. మీరు ఇద్దరే కాబట్టి రెండు గ్రూపులకి మించి పెట్టుకోవద్దు: అక్షరాల దగ్గర ఆగిన వాళ్లు, మాటలు చదవగలిగి వాక్యం దగ్గర తడబడే వాళ్లు. వాక్యాలు చదివి అర్థం చెప్పే వాళ్లకి ఈ క్లాసు అక్కర్లేదు, వాళ్లకి కథల పుస్తకాలిచ్చి వదిలేయండి. ఒక్క జాగ్రత్త. 8వ క్లాసు కుర్రాడిని 4వ క్లాసు గుంటల పక్కన కూర్చోబెడితే రెండో రోజు నుంచి రాడు. మీసం వస్తున్న వయసు. అలాంటి వాళ్లు నలుగురైదుగురు ఉంటే వాళ్లకి వేరే మూల, వేరే పుస్తకం. అక్షరాల దగ్గరున్నా సరే, పిల్లి బొమ్మల పుస్తకం ఇవ్వకండి. బస్సు టికెట్టు, మందు చీటీ, ఎరువు బస్తా మీద అక్షరాలు, ఫోన్ రీఛార్జి మెసేజీ, ఇలాంటివి చదివించండి.

గ్రూపులకి ఏ, బీ అని పేర్లు పెట్టొద్దు. నదుల పేర్లో పళ్ల పేర్లో పెట్టండి. ఏది తక్కువో పిల్లలు కనిపెడతారు, అయినా మనం బోర్డు మీద రాసి చెప్పకూడదు.

జైపూర్_లెక్కలు
ఆరేడు వారాలకోసారి అదే కాగితంతో మళ్లీ చూసి పైకి వచ్చిన వాళ్లని జరపాలి. జరపకపోతే అది మొద్దుల క్లాసు అని పేరు పడిపోతుంది, ఒకసారి ఆ పేరు పడ్డాక ఏ పిల్లా రాదు.

బోర్డింగ్_బాబు
మహేంద్రతనయ గారు చెప్పిన గ్రూపుల సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ అర్థం తెలుగులో చెప్పించుకుంటూ పోతే ఇంగ్లీషు చెవిన పడేదెప్పుడు? కాశీనగర్ బజార్లో ఇంగ్లీషు వినపడదు, ఇంట్లో వినపడదు. ఉన్నది ఆ ఒక్క పీరియడే. అందులో కూడా సగం తెలుగైతే మిగిలేదేంటి?

వంశధార_టీచర్
ఇదే నా సందేహం కూడా. ఫైన్ వద్దు అనుకుంటున్నాను కానీ బాబు గారు చెప్పినదాంట్లో విషయం ఉంది.

ఎడిసన్_వదిన
న్యూజెర్సీలో మా పిల్లల బడిలో ఇంగ్లీషు సపోర్టు క్లాసులో సహాయకురాలిగా చేస్తున్నాను, మాది రాయగడ. ఇక్కడ జరిగేది చెప్తాను, మీకు పనికొచ్చేది తీసుకోండి. బడిలో చేర్చేటప్పుడే ఇంట్లో ఏ భాష అని ఫారం నింపిస్తారు. వేరే భాష అని రాస్తే పరీక్ష పెడతారు, వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం నాలుగూ విడివిడిగా చూస్తారు. ప్రతి ఏడూ మళ్లీ ఆ పరీక్ష ఉంటుంది, గట్టెక్కితే సపోర్టు ఆపేస్తారు. కొన్ని చోట్ల పిల్లలని క్లాసులోంచి బయటికి తీసుకెళ్లి చెప్తారు, కొన్ని చోట్ల సపోర్టు టీచరే క్లాసులోకి వచ్చి లెక్కల పీరియడ్‌లో పిల్ల పక్కన కూర్చుంటుంది. ఇదంతా ఊరికే రాలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా పిల్లల తల్లిదండ్రులు కోర్టుకెళ్తే 1974లో సుప్రీంకోర్టు చెప్పింది, భాష అర్థం కాని పిల్లకి అందరితో సమానంగా అదే పుస్తకం, అదే టీచరు ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదని.

ఇంకో మాట. జిమ్ కమిన్స్ అని కెనడా ఆయన, ఈ రంగంలో అందరూ చదివే మనిషి. మాట్లాడే ఇంగ్లీషు ఒకటి రెండేళ్లలో వచ్చేస్తుంది, పాఠం అర్థం చేసుకునే ఇంగ్లీషుకి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది అంటారు. అదీ చుట్టూ ఇంగ్లీషున్న దేశంలో. కాబట్టి మూడు నెలల్లో నాటకం అంటే అది ఇంగ్లీషు రావడం కాదు, డైలాగులు రావడం.

బోర్డింగ్_బాబు
చూశారా, అక్కడ చుట్టూ ఇంగ్లీషుంది. నేను అనేదీ అదే, ఇక్కడ లేదు కాబట్టి క్లాసులోనైనా ఉండాలి.

ఎడిసన్_వదిన
ఉండాలి బాబూ, కాదనలేదు. కానీ మా దగ్గర కూడా కొత్తగా వచ్చిన తెలుగు పిల్లకి తెలుగులో రెండు ముక్కలు చెప్పడానికి నన్ను పిలుస్తారు. ఏం జరుగుతోందో తెలిశాక అదే పిల్ల ఇంగ్లీషు పాఠంలో కూర్చోగలదు. తెలియకపోతే కిటికీలోంచి చూస్తుంది.

సిరొంచ_గురుజీ
ప్రాణహిత గట్టున మాది జిల్లా పరిషత్ బడి, మరాఠీ మీడియం. మీ కథే ఇక్కడా. ఇంట్లో తెలుగు, కొందరికి గోండి, మాడియా, బడిలో మరాఠీ. మహారాష్ట్రలో 2000 నుంచి ఒకటో తరగతిలోనే ఇంగ్లీషు ఉంది, పై తరగతుల్లో సెమీ ఇంగ్లీష్ అని లెక్కలు, సైన్సు ఇంగ్లీషులో పెట్టుకునే బడులు కూడా ఉన్నాయి. ఏళ్లు గడిచినా పిల్లలకి రాకపోవడానికి కారణం ఇంగ్లీషు ఆలస్యంగా మొదలవడం కాదని మాకు తెలిసిపోయింది. ఒకటో తరగతి నుంచి పెట్టినా అక్షరాల పేర్లే చెప్పించారు, శబ్దాలు చెప్పించలేదు.

సీ అనే అక్షరం పేరు 'సీ', ఏ అక్షరం పేరు 'ఏ', టీ అక్షరం పేరు 'టీ'. మూడూ కలిపితే పిల్లకి 'సీయేటీ' వస్తుంది కానీ క్యాట్ ఎక్కడి నుంచి వస్తుంది? మన అక్షరాలకి పేరూ శబ్దమూ ఒకటే, అందుకే తెలుగు, ఒరియా, మరాఠీ చదవడం నేర్చుకున్న పిల్ల ఇంగ్లీషు అక్షరం దగ్గర ఆగిపోతుంది. మేం ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ ఈ ఆరింటి శబ్దాలతో మొదలుపెడతాం. ఆరు శబ్దాలు వచ్చేసరికి సిట్, పిన్, ట్యాప్, టిన్, స్నాప్ ఇవన్నీ సొంతంగా కూడబలుక్కుని చదువుతారు. వాళ్ల మొహాలు చూడాలి అప్పుడు.

మీకు ఇంకో కష్టం ఉంది, మాకు లేదు. మా పిల్లలకి మరాఠీ, హిందీ ఒకే లిపి. మీ పిల్లలకి ఒరియా, హిందీ, ఇంగ్లీషు మూడు లిపులు.

మూడో_బెంచీ
తెలుగు కూడా నేర్పితే నాలుగు.

పర్లాకిమిడి_పాతకాపు
అసలు మాట ఎవరూ అనడం లేదు కాబట్టి నేనంటాను. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లకి తెలుగు అక్షరం రాదని ఎంత మామూలుగా రాశారు వంశధార_టీచర్ గారూ! నాకు అక్కడే మనసు ఆగిపోయింది. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకి ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది, 1956లో ఏడో సవరణతో వచ్చింది. ఉన్న తెలుగు బడుల్లో టీచర్లు రిటైరైతే కొత్త వాళ్లు రారు. ముందు ఆ అక్షరం నేర్పండి, ఇంగ్లీషు తర్వాత.

వంశధార_టీచర్
మీ బాధ నాదీ. మా అమ్మాయికి ఇంట్లో నేనే తెలుగు నేర్పాను. కానీ ఈ పిల్లలు రేపు ఒరియాలో పరీక్ష రాయాలి, ఇంగ్లీషు పేపరు గట్టెక్కాలి. నాకున్నది ఒక్క పీరియడ్, అందులో తెలుగు లిపి కూడా పెట్టలేను మేష్టారూ.

మహేంద్రతనయ
ఇక్కడ ఒక చిక్కుంది, అందరూ గమనించండి. రెండు భాషల కథల పుస్తకాలు తెచ్చుకోమని చాలామంది సలహా ఇస్తారు, ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైటులో 2015 నుంచి ఉచితంగా దొరుకుతున్నాయి, తెలుగులో ఉన్నాయి, ఒరియాలో ఉన్నాయి. కానీ మన పిల్లలకి చదవడానికి ఒరియా కావాలి, వినడానికి తెలుగు కావాలి. అందుకని మేం ఇంగ్లీషు కథ, ఒరియా కథ పక్కపక్కన పెట్టి, కథ మీద కబుర్లు మాత్రం తెలుగులో చెప్పుకుంటాం. బొమ్మ చూపించి ముందు తెలుగులో కథంతా పిల్లల చేత చెప్పిస్తాను. తర్వాత ఇంగ్లీషులో నేను చదువుతాను, అప్పుడు మధ్యలో ఒక్క తెలుగు మాట కూడా రాదు. కథ ముందే తెలుసు కాబట్టి చెవి పెడతారు.

@బోర్డింగ్_బాబు మీరు కోరేది ఇందులో ఉంది. ఇంగ్లీషు మాత్రమే ఉండే సమయం ఒకటి గీత గీసినట్టు పెట్టుకోవాలి, తెలుగు ఉండే సమయం వేరే పెట్టుకోవాలి. ప్రతి వాక్యానికీ వెంటనే తెలుగు చెప్పేస్తే పిల్లలు ఇంగ్లీషు వినడం మానేసి తెలుగు కోసం కాచుకుంటారు.

బోర్డింగ్_బాబు
ఇది నాకు నచ్చింది. ఆ ఇంగ్లీషు సమయం పది నిమిషాలైతే మాత్రం చాలదు, సగం పీరియడైనా ఉండాలి.

కొండదారి
గుణుపురం పైన కొండ ఊళ్లో టీచర్‌ని. సవర పిల్లల గురించి ఎవరూ ముట్టుకోలేదు. తెలుగులో కబుర్లు చెప్పుకోండి అంటే సవర పిల్లకి అది కూడా పరాయి భాషే. సంత తెలుగు వేరు, కథ అర్థమయ్యే తెలుగు వేరు. క్లాసంతా తెలుగులో నవ్వుతుంటే ఆ పిల్ల తల దించుకుని కూర్చుంటుంది, తెలివి లేదనుకుంటాం.

నేను చేసేది ఇది. మొదటి వారాల్లో అసలు పుస్తకం తెరవను. లే, కూర్చో, తలుపు మూయి, రాయి తీసుకో, రాయి నీ స్నేహితుడికి ఇవ్వు, ఇలా ఇంగ్లీషులో చెప్తూ నేను చేస్తాను, పిల్లలు చేస్తారు. మాట్లాడమని అడగను. జేమ్స్ ఆషర్ అనే అమెరికా ప్రొఫెసరు ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. దీంట్లో తెలుగు పిల్ల, ఒరియా పిల్ల, సవర పిల్ల ముగ్గురూ ఒకే గీత మీద నిలబడతారు, ఎవరి భాషా ఎవరికీ అడ్డం కాదు. చాలాసార్లు సవర పిల్లలే ముందుంటారు, ఎందుకంటే తెలియని భాషలో చేతులు, కళ్లు చూసి అర్థం చేసుకోవడం వాళ్లకి రోజూ ఉన్న పని.

ఇంకోటి, ఇది బయటి వాళ్లకి తెలియదు. మా వైపు చర్చికి వెళ్లే సవర కుటుంబాల్లో పాటల పుస్తకం సవర భాషలోనే ఉంటుంది కానీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది, మిషనరీల కాలం నుంచి అంతే. ఆ ఇళ్ల పిల్లలు కొందరికి ఆ అక్షరాలు కలిపి చదవడం ముందే వచ్చు! మనం ఏబీసీడీ దగ్గర కూర్చోబెడతాం. ఒక్కసారి అడిగి చూడండి.

పర్లాకిమిడి_పాతకాపు
కొండదారి మాస్టారూ, మీరు రాసింది చదివి సంతోషమేసింది. ఈ పని మన ఊళ్లోనే వందేళ్ల కిందట ఒకాయన చేశాడు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడి బడిలో పాఠాలు చెప్తూ సవరల దగ్గర వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల భాషలోనే వాచకాలు రాసి, బడులు పెట్టించారు. సవర వ్యాకరణం 1931లో, సవర ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి. తెలుగువాళ్లు ఆయన్ని వాడుక భాష కోసం ఆగస్టు 29న తలుచుకుంటారు, ఈ సగం తలుచుకోరు. పిల్ల నోట్లో ఉన్న భాష దగ్గర మొదలుపెట్టడం అనే పట్టుదల రెండు పనుల్లోనూ ఒకటే.

కొండదారి
అవును మేష్టారూ. ఒడిశా ప్రభుత్వం కూడా 2007 ప్రాంతంలో గిరిజన భాషల్లో మొదటి తరగతులు మొదలుపెట్టింది, సవర అందులో ఉంది. ఆ వాచకాలు కొన్ని బ్లాకు విద్యాధికారి (బీఈవో) ఆఫీసులోనో క్లస్టర్ సెంటర్లోనో మూల పడి ఉంటాయి, వంశధార_టీచర్ గారు అడిగి తెచ్చుకోండి. సవర పిల్లల్లో పెద్ద క్లాసు వాళ్లని ఒకరిద్దరిని చిన్న వాళ్లకి జతగా పెట్టండి. వాళ్లకీ గౌరవం, మీకూ సాయం.

మూడో_బెంచీ
నేను ఒరియా మీడియంలో చదివి ఇప్పుడు ఫార్మసీలో ఉన్నాను. ఇంటర్లో సైన్సు ఇంగ్లీషులోకి మారినప్పుడు నన్ను కింద పడేసింది గ్రామర్ కాదు. ఆవిరి అవడం, కరగడం, పేరుకోవడం, ఇవన్నీ నాకు ఒరియాలో బాగా తెలుసు. అదే సంగతి ఇంగ్లీషు పుస్తకంలో ఉంటే గుర్తుపట్టలేదు, కొత్త పాఠం అనుకుని మళ్లీ మొదటి నుంచి బట్టీ పట్టాను. 7, 8 క్లాసుల్లో వారానికి కొన్ని సైన్సు మాటలు ఇంగ్లీషులో కూడా చెప్పి ఉంటే ఆ ఏడాది అంత ఏడుపు ఉండేది కాదు. మీ 8వ క్లాసు వాళ్లకి దయచేసి ఇది చేయండి.

జైపూర్_లెక్కలు
లెక్కల్లో కూడా. "12 కంటే 5 తక్కువ" అని మన భాషలో చెప్తే 12 ముందొస్తుంది, పిల్ల 12 లోంచి 5 తీసేస్తుంది. ఇంగ్లీషులో 'ఫైవ్ లెస్ దాన్ ట్వెల్వ్' అని 5 ముందొస్తుంది కాబట్టి 5 లోంచి 12 తీస్తుంది. తీసివేత రాక కాదు. ఆదర్శ విద్యాలయ వైపు వెళ్లే 5వ క్లాసు పిల్లలకి ఇది చాలా అవసరం, అక్కడ సీబీఎస్ఈ, అంతా ఇంగ్లీషే. సీటు వచ్చాక 6వ క్లాసు మొదటి సగం ఏడుస్తూ గడిపే పిల్లలని నేను చూస్తూనే ఉన్నాను. సీటు రావడంతో మీ పని అయిపోదు.

రాయగడ_రైలు
ప్రవేశ పరీక్ష కోసం అయితే సాయంత్రం కొంచెం ఫీజు పెట్టి ట్యూషన్ చెప్పేయొచ్చు కదా టీచర్ గారూ. తల్లిదండ్రులు ఇస్తారు, మీకూ ఆదాయం.

జైపూర్_లెక్కలు
వద్దు. విద్యా హక్కు చట్టం 28వ సెక్షన్ ప్రకారం టీచర్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదు. చట్టం సంగతి అలా ఉంచినా, డబ్బులిచ్చే పిల్లలు సాయంత్రం, ఇవ్వలేని పిల్లలు మధ్యాహ్నం అని రెండు జట్లు తయారవుతాయి. సవర పిల్లల తల్లిదండ్రులు ఎక్కడి నుంచి తెచ్చిస్తారు?

రాయగడ_రైలు
సరే, ఆ కోణం ఆలోచించలేదు.

ఇద్దరు_పిల్లల_తల్లి
తల్లిగా ఒక మాట. ఆటల పీరియడ్ తీసేసి ఈ క్లాసు పెట్టకండి, పిల్లలు ఇంగ్లీషు మీద కోపం పెంచుకుంటారు. మా చిన్నదానికి అలాగే చేశారు.

వంశధార_టీచర్
ఆటలు ముట్టుకోవడం లేదమ్మా. అందరికీ చాలా కృతజ్ఞతలు. ఇంకో రెండు అడుగుతాను. పీరియడ్ 40 నిమిషాలు, భోజనం తిని వస్తారు, సగం మందికి నిద్ర. ఏది ముందు, ఏది వెనక? నాటకం గురించి హెచ్చెం గారికి ఏం చెప్పాలి?

మహేంద్రతనయ
భోజనం తర్వాత పీరియడే అయితే కొండదారి గారు చెప్పినట్టు లేచి చేసే పనులతోనే మొదలుపెట్టండి, అది పది నిమిషాలు, మొత్తం ఇంగ్లీషులోనే. ఆ తర్వాత గురుజీ చెప్పిన శబ్దాలు, రోజుకి ఒక్కటే కొత్తది, నిన్నటివి మళ్లీ. మిగతా సమయంలో ఎక్కువ భాగం చదవడానికే పెట్టండి, ఒక్కో పిల్లా పైకి చదవాలి, జంటలుగా ఒకరికొకరు చదువుకుంటే అందరికీ వంతు వస్తుంది. అందరిచేతా కోరస్ చెప్పించొద్దు, అందులో చదవని పిల్ల గొంతు దాక్కుంటుంది. చివర్లో ఒకటి రెండు వాక్యాలు సొంతంగా రాయించండి. దించడం కాదు, సొంతంగా. 'మా మేక ఈనింది' అని రాసినా చాలు, తప్పులుంటే ఒక్కటే దిద్దండి, పేజీ అంతా ఎర్ర ఇంకు చేయకండి.

ఉచ్చారణ దగ్గర ఎక్కువ ఆగకండి. ఒరియా పిల్ల 'భెరీ గుడ్' అంటుంది, మన పిల్ల 'ఇస్కూలు' అంటుంది, అర్థమవుతుంది కదా. హ్రస్వం, దీర్ఘం మాత్రం చూడండి. తెలుగు పిల్లలకి షిప్పుకీ షీపుకీ తేడా సులువుగా పట్టుబడుతుంది, ఒరియా మాటల్లో ఆ తేడా పలకరు కాబట్టి ఆ పిల్లలకి చెవికి అలవాటు చేయాలి. తెలుగు పిల్లని పక్కన కూర్చోబెడితే ఆ ఆటలో ఆవిడే టీచరు.

పర్లాకిమిడి_పాతకాపు
ఆహా, తెలుగు ఇక్కడైనా పనికొచ్చింది!

సిరొంచ_గురుజీ
నాటకం గురించి మా బడిలో చేసింది చెప్తాను. వార్షికోత్సవంలో పది మంది చురుకైన పిల్లలు డైలాగులు చెప్తే మిగతా వాళ్ల తల్లులు చప్పట్లు కొట్టి వెళ్లిపోతారు. మేం అది మార్చి, పాలక సభ (తల్లిదండ్రుల మీటింగు) రోజున ప్రతి పిల్లా తన తల్లి పక్కన కూర్చుని తను చదవగలిగిన పేజీ చదివి, దాని అర్థం తెలుగులోనో గోండిలోనో తల్లికి చెప్పేలా పెట్టాం. అక్షరం రాని తల్లి కూడా కూర్చుని విన్నది. ఆ తర్వాత స్పోకెన్ ఇంగ్లీషు ఎందుకు పెట్టలేదని ఎవరూ అడగలేదు, ఇంకో పుస్తకం ఇంటికి పంపమని అడిగారు.

హెచ్చెం గారికి స్టేజి మీద ఏదో ఒకటి కావాల్సిందే అంటే, పిల్లలు సొంతంగా రాసిన కథని కాగితం చూసి గొంతు మార్చి చదవనివ్వండి. బట్టీ అవసరం లేదు.

బోర్డింగ్_బాబు
కాగితం చూసి చదివితే నాటకమేంటి గురుజీ? పెద్ద క్లాసు పిల్లలు చూడకుండా చెప్పాలి, స్టేజి భయం కూడా పోవాలి కదా. నా మట్టుకు నాకు భయం పోయింది అలాగే.

సిరొంచ_గురుజీ
చదివి అర్థమైన పిల్ల చూడకుండా చెప్తే నాకు అభ్యంతరం లేదు. చదవలేని పిల్లకి డైలాగు నూరిపోయడమే వద్దంటున్నాను.

ఎడిసన్_వదిన
వంశధార_టీచర్ గారూ, ఒక నోటుబుక్కు పెట్టి పిల్లకో పేజీ ఇవ్వండి. ఇంట్లో ఏ భాష, బళ్లో చేరిన ఏడు, పరీక్ష కాగితంలో ఎక్కడ ఆగింది, తారీఖు. వచ్చే ఏడు మిమ్మల్ని వేరే పనికి మార్చినా తర్వాత వచ్చే టీచరు మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు. ఇక్కడ మాకు అన్నిటికన్నా పనికొచ్చేది ఆ ఫైలే. వినికిడి, చూపు కూడా ఒకసారి చూపించండి. వెనక బెంచీలో బోర్డు కనపడక దించలేని పిల్లని ఇంగ్లీషు రాని పిల్ల అనేస్తాం.

వంశధార_టీచర్
ఇంట్లో భాష అడగాలని నాకు తట్టనే లేదు, అడ్మిషన్ ఫారంలో ఆ గడే లేదు. సోమవారం నుంచి వరండాలో ఒక్కొక్కరినీ చదివించడం మొదలుపెడతాను. హెచ్చెం గారితో మాట్లాడాను, నాటకం పట్టు వదల్లేదు కానీ పాలక సభలో చదివించడానికి ఒప్పుకున్నారు. ఫైన్ గురించి కమిటీలో నేనే మాట్లాడతాను, ఇద్దరు_పిల్లల_తల్లి గారు రాసింది పేరు లేకుండా చదివి వినిపించొచ్చా?

ఇద్దరు_పిల్లల_తల్లి
చదవండి. గట్టిగా చదవండి.

కొండదారి
సవర వాచకాలు మీ క్లస్టర్లో దొరక్కపోతే చెప్పండి, మా దగ్గర రెండు సెట్లున్నాయి, ఒకటి గుణుపురం రైల్లో మా అబ్బాయి చేత పర్లాకిమిడి దాకా పంపిస్తాను.

మహేంద్రతనయ
పర్లాకిమిడిలో నేను అందుకుని కాశీనగర్ బస్సులో వేస్తాను. ఒరియా, ఇంగ్లీషు కథలు కూడా కొన్ని ప్రింటు తీసి పెడతాను. పెద్ద కుర్రాళ్లు ఎంతమంది తేలారో పరీక్ష అయ్యాక చెప్పండి, వాళ్లకి ఏం ఇవ్వాలో అప్పుడు చూద్దాం.